మా పంతులమ్మక్క ఫోటో: మూడు చోట్ల చేయించి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. నెల్లూరు మద్రాసు బస్టాండు వెనక సందులో మేడమీదున్న పాత స్టూడియోకి పనితనంలో ఐదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను. చెప్పిన టైముకి ఇవ్వడంలో రెండు. ఆ మెట్లకి సున్నా. పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నిలబడి కేకేస్తే ఆయనే దిగొస్తాడు. బోర్డు మీద పేరుంది గానీ ఇక్కడ రాయొద్దన్నాడు. ఒక్కడే చేసుకునే పని, జనం మీద పడితే చెయ్యలేడట. పాత ఫోటోలు బాగుచేసే ఆయన అని ఆ సందులో ఎవర్నడిగినా చూపిస్తారు.

నేను బాగుచేయించింది ఒకే ఒక్క ఫోటో. పోస్టుకార్డు సైజు కలర్ ఫోటో, వెనకవైపు బాల్‌పెన్నుతో 2-10-92 అని రాసుంది. అది మా పంతులమ్మక్కది. మా ఊళ్లో రాత్రిబడి నడిపిన ఆమెని అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమె మొహం తెలిసే ఫోటో ఇదొక్కటే మిగిలింది. పెళ్లి ఫోటో ఉండేది, చెదలు తినేశాయి. దీని నెగటివ్ లేదు. తీసినతను మా మండలం వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయాడు.

అక్క కూతురు చెన్నైలో నర్సు. ఈ మధ్యే సొంత ఫ్లాట్ కొనుక్కుంది. "పిన్నీ, గృహప్రవేశానికి అమ్మ ఫోటో పెద్దది కావాలి, ఎంతైనా పర్లేదు" అని నాకు ఫోన్ చేసింది. నేను అంగన్‌వాడీ టీచర్ని, నాకు ఫోటోల సంగతి ఏం తెలుసు? కానీ ఆ ఫోటోలో ఉన్న మనిషిని దగ్గరగా ఎరిగినవాళ్లలో తిరగగలిగే ఓపికున్నది నాకే. అందుకని తీసుకున్నా.

ఫోటో ఇన్నాళ్లూ ఆ పిల్ల నాయనమ్మ దగ్గర గోడకి వేలాడుతూ ఉండింది. ప్రతి శుక్రవారం గాజు మీద కుంకుమ పెట్టేది ముసలమ్మ. గోడ చెమ్మకి ఫోటో గాజుకి అతుక్కుపోయింది. కుడి అంచుని పురుగు కొరికేసింది. రంగంతా ఎర్రగా తిరిగి, మనుషులందరూ ఇటుకపొడి చల్లుకున్నట్టున్నారు.

ఫోటోలో ఏముందో చెప్తేగాని మిగతా రివ్యూ అర్థం కాదు. మా ఊరి రామాలయం అరుగు ముందు అక్క నిలబడి ఉంది. ఎడమ చంకలో ఏడాదిన్నర పిల్ల. కుడిచేతిలో పలక. కాళ్ల దగ్గర సారా ప్యాకెట్ల కుప్ప, ఇంకా నిప్పు పెట్టలేదు. వెనకాల సున్నం కొట్టిన గోడ, చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్లు. కుడి అంచున సగం మొహంతో నేను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు, అక్కకి ఇరవై నాలుగు.

మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలం. దూబగుంట మా మండలమే. సారా మీద పోరాడిన దూబగుంట రోశమ్మ పేరు తెలియనివాళ్లు మా వైపు లేరు. ఆ ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన సంగతి తర్వాత చదువు పుస్తకంలో పాఠమైంది కూడా. మా ఊరి పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. మా ఊళ్లో ఆ పని మొదలుపెట్టింది అక్క.

1991లో జిల్లాలో పెద్దవాళ్లకి చదువు నేర్పే అక్షరదీపం కార్యక్రమం మొదలైనప్పుడు రాత్రిబడికి చదువు చెప్పే మనిషి కావాలన్నారు. ఏడో తరగతి చదివిన కోడలు ఫలానా ఇంట్లో ఉందని ఎవరో చెప్తే వచ్చి అడిగారు. జీతం లేదు. పలకలు, పుస్తకాలు వాళ్లిచ్చారు, లాంతరు అక్క ఇంట్లోదే. పొద్దున కూలికి పోయొచ్చి, వంట చేసి, పిల్లకి పాలిచ్చి, చంకనేసుకుని అరుగు మీదికొచ్చేది. పంతులమ్మక్క అన్న పేరు అప్పుడే వచ్చింది. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు.

సీతమ్మ కథ పాఠం వచ్చిన రాత్రి నాకు బాగా గుర్తు. తాగుబోతు మొగుడితో సీతమ్మ పడే బాధ ఆ పాఠం. అక్క చదివి వినిపించింది. ఆ రాత్రి ఎవరూ అక్షరాలు దిద్దలేదు. ఇది నా కథే అని ఒకామె అంటే, కాదు నాది అని ఇంకొకామె. లాంతర్లో కిరసనాయిలు అయిపోయినా కదల్లేదు.

అక్కకి ఉపన్యాసాలు రావు. మైకు చేతికిస్తే గొంతు వణికేది. లెక్క మాత్రం గట్టిగా వచ్చు. పలక మీద ప్యాకెట్టు ధర రాసేది. మీ ఇంటాయన రోజుకి ఎన్ని తాగుతాడని అడిగి గుణించేది. వచ్చినదాన్ని మళ్లీ 365తో గుణించి పలక తిప్పి చూపించేది. వేలలో అంకె చదవడం అప్పుడే నేర్చుకున్నవాళ్లు కూడబలుక్కుని ఆ జవాబు చదివేవాళ్లు. "ఈ డబ్బుతో పాడిబర్రె వస్తుంది కదమ్మే" అంది ఒకామె. సభల్లో నేను చాలా మాటలు విన్నాను గానీ, అంత పని చేసిన మాట వినలేదు. వారం తిరక్కుండా సారా బండిని ఊరి బయటే ఆపేశాం.

కంట్రాక్టరు మనుషులు జీపులో వచ్చి బెదిరించారు. అక్క పిల్లతో సహా దారికి అడ్డంగా కూర్చుంది. పసిబిడ్డని ఎందుకు తెచ్చావే అని మా అమ్మ కోప్పడితే, "ఇంట్లో ఎవరి దగ్గర వదిలి రాను అత్తా, తాగి పడుకున్నాయన దగ్గరా?" అంది. ఆ యేడంతా నెల్లూరులో సారా అమ్మే హక్కుకి వేలంపాటలు పెట్టడం, ఆడవాళ్లు వెళ్లి అడ్డుకోవడం, వాయిదా వెయ్యడం. 1993 ఏప్రిల్ 15 నుంచి మా జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. అక్క ఆ రెండూ చూసింది. ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో వచ్చింది, అప్పటికి అక్క లేదు. 1994 వానాకాలంలో రెండో కాన్పు నెలల్లో గుర్రపువాతం, అంటే గర్భిణులకొచ్చే ఫిట్స్, వచ్చి, కావలికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేయడం చూసే బాధ ఆమెకి తప్పింది అని మా అమ్మ అనేది.

ఇక రివ్యూ.

మొదట ఫోన్ యాప్. మా అబ్బాయి ఫోన్లో వేసి చూపించాడు. ఫ్రీ, అర నిమిషం కూడా పట్టలేదు. మొదటి చూపుకి అబ్బా అనిపించిన మాట నిజం. ఎరుపు పోయింది, గీతలు పోయాయి, అంతా నిన్న తీసినట్టుంది. కాసేపు చూస్తే ఒక్కొక్కటే బయటపడింది. అక్క తెల్లగా అయిపోయింది. ముక్కుపుడక లేదు. పళ్లు టీవీ యాంకర్ పళ్లు. చంకలో పిల్లకి ఒక చేతికి ఆరు వేళ్లు. పలక మీద అంకెలు ఏ భాషకీ చెందని గీతలయ్యాయి. అన్నిటికంటే ఘోరం, కాళ్ల దగ్గరున్న సారా ప్యాకెట్లు పూలరేకులయ్యాయి. తగలబెట్టడానికి పోగేసిన సారా ప్యాకెట్ల మధ్య నిలబడ్డ మనిషిని పూల మధ్య దేవతని చేసింది. పురుగు తిన్న అంచు దగ్గర, నా మిగతా సగం మొహానికి ఎవరిదో అందమైన మొహం అతికించింది. ఆమెవరో నాకు తెలీదు, మా ఊరి మనిషైతే కాదు. మా అబ్బాయి పడీపడీ నవ్వాడు.

ఊరికే సరదాకి అయితే యాప్ చాలు. తెలిసిన మనిషి మొహం కావాలంటే వద్దు. అది మొహాన్ని బాగుచెయ్యదు, తనకు తోచిన కొత్త మొహం గీస్తుంది. మసకగా ఉన్న ఫోటోలో ఇది ఇంకా ఎక్కువ.

రెండోది టౌన్లో ఉన్న పెద్ద కలర్ ల్యాబ్. పేరు అక్కర్లేదు, ఏ టౌన్లో అయినా ఇలాంటిది ఒకటుంటుంది. ఏసీ, సోఫా, టోకెన్. కౌంటర్ దగ్గర కుర్రాడు మర్యాదస్తుడే. ఫోటో చూడగానే, "చనిపోయారా ఆంటీ? అయితే బస్ట్, అంటే ఛాతీ దాకా, చేద్దాం. చంటిపిల్లని తీసేస్తా, పట్టుచీర పెడతా, వెనక మేఘాలు" అన్నాడు. కంప్యూటర్లో చీరల వరస చూపించాడు. పాతిక రంగులు. మెడలో నగలు కూడా ఉన్నాయి. అక్క నుదుటి మీద, ఎడమ కనుబొమ్మ పైన ఒక మచ్చ ఉంటుంది. అది చూపించి "ఇది కూడా తీసేస్తే నీట్‌గా ఉంటది" అన్నాడు.

కుర్రాణ్ణి అనడానికేం లేదు. వర్ధంతి ఫోటోకి జనం అడిగేది అదే. ముప్పైయేళ్ల కిందటి నేత చీరలో, చెమట మొహంతో ఉన్న అమ్మని హాల్లో పెట్టుకోవాలని ఎవరూ అడగరు. ధర కూడా తక్కువే, ప్రింటుతో కలిపి నాలుగొందలు, అదే సాయంత్రం ఇస్తానన్నాడు. కానీ ఒక పని మాత్రం తప్పు. గాజు నుంచి ఫోటోని బ్లేడుతో పీకబోయాడు. నేను ఆపాను. ఏదో తెలిసి ఆపలేదు, భయమేసి ఆపాను. ఫోటో తీసుకుని వచ్చేశాను.

మూడోది ఈ మేడమీది స్టూడియో. మా సూపర్‌వైజర్ మేడమ్ చెప్పింది, వాళ్ల నాన్న మిలిటరీ ఫోటో ఇక్కడే చేయించిందట. గది చిన్నది. ఒక మూల ముందుకి సాగే తిత్తి ఉన్న పాత బెలోస్ కెమెరా, దాని మీద టవలు ఆరేసి ఉంది. ఒక కంప్యూటరు, ఒక స్కానరు, పలకలాంటి దాని మీద రాసే కరెంటు పెన్ను. ఆయనకి అరవై దాటి ఉంటాయి. ఫోటోని చేత్తో ముట్టుకోకుండా ముందు లైటు కింద పెట్టి అటూ ఇటూ వంచి చూశాడు.

"పీకొద్దమ్మా. పైపొర జెలటిన్‌ది, చెమ్మకి మెత్తబడి గాజుకి పట్టేసింది. పీకితే మొహం గాజుతో పోతుంది" అని, గాజుతో సహా స్కానర్ మీద బోర్లించాడు. ముందు గాజు మీద కుంకుమని తడిగుడ్డతో కాకుండా పొడి బ్రష్షుతో తీశాడు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. మీ ఇళ్లల్లో గాజుకి అతుక్కున్న ఫోటోలుంటే నీళ్లలో నానబెట్టడం, బ్లేడు పెట్టడం లాంటివి చెయ్యొద్దు. సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి పంపితే చాలనేవాళ్లనీ నమ్మొద్దు. గాజు మీద మెరుపు పడుతుంది, ఆ మెరుపు కింద ఉన్నది పోయినట్టే.

600 డీపీఐలో, అంటే అంగుళానికి ఆరొందల చుక్కల లెక్కన, స్కాన్ చేశాడు. మా పిల్ల అడిగింది పెద్ద సైజు, 20 ఇంటూ 30 అంగుళాలు. కుదరదని మొహమాటం లేకుండా చెప్పాడు. 12 ఇంటూ 18 దాటితే మొహం పలచబడి పిండిబొమ్మలా ఉంటుందన్నాడు. ఎక్కువ డబ్బొచ్చే ఆర్డరు వదులుకున్నాడు కాబట్టి నాకు నమ్మకం కుదిరింది.

రంగుల పని నా ఎదురుగానే మొదలుపెట్టాడు. కలర్ ఫోటోలో మూడు రంగుల పొరలుంటాయట. మూడూ ఒకే వేగంతో వెలిసిపోవు. ముందు పోయింది పోగా మిగిలిన రంగు మొత్తాన్ని కమ్మేస్తుంది. ఆయన మొహం జోలికి పోలేదు. వెనకున్న సున్నపు గోడని తెలుపు అనుకుని, పలకని నలుపు అనుకుని, ఆ రెంటినీ సరిచేశాడు. అంతే, అక్క చీర దానంతటదే ఆకుపచ్చకి తిరిగింది. నేను చీర రంగు ఇంకా చెప్పనే లేదు. ఆకుపచ్చ మీద పసుపు గళ్లు, రెండు చీరల్లో ఒకటి. ఇంకోటి ఉతికి ఆరేస్తే ఇది, ఇది ఉతికి ఆరేస్తే అది. మొహం చామనఛాయకొచ్చింది. అప్పటిదాకా గొంతు బాగానే ఉన్న నాకు అక్కడ మాట రాలేదు. ఆయన మంచినీళ్లిచ్చి, తల తిప్పుకుని పని చేసుకున్నాడు.

తర్వాత ఇంటికి పంపించేసి, అడగాల్సినవి ఫోన్లో అడిగాడు. చాలా అడిగాడు. కొందరికి ఇది విసుగనిపించొచ్చు, ఒక్కోసారి నేను పిల్లలకి గుడ్లు పెట్టే టైములో చేసేవాడు.

"చంకలో పాప చేతిలో ఉన్నది బిస్కెట్టా, ఫోటో మీద మరకా?" బెల్లం ముక్క. ఏడవకుండా అక్క కొంగుకి ఎప్పుడూ ఒకటి కట్టుకునేది. "వెనకామె చేతిలో డబ్బా ఏంటి?" కిరసనాయిలు. "ముక్కుకి ఉన్నది పుడకా, మచ్చా?" పుడకే, కుడివైపు, రాయి లేదు.

ఒకరోజు అడిగిన ప్రశ్నకి మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ఎడమ కనుబొమ్మ పైన ఉన్నది దెబ్బ మచ్చా అమ్మా, ఫంగస్సా? ఫంగస్ అయితే తీసేస్తా."

ఫంగస్ కాదు. ప్యాకెట్టుకి డబ్బులివ్వలేదని మొగుడు ఇత్తడి చెంబు విసిరితే తగిలింది. ఊళ్లో అందరికీ తెలుసు, కూతురికి తెలీదు. చిన్న ఫోటోలో, ఎర్రబడ్డ రంగులో ఆ మచ్చ ఎప్పుడూ కనపడలేదు. పెద్దది చేస్తే హాల్లో ఎదురుగా కనపడుతుంది. పైగా వాళ్ల నాన్న ఇప్పుడు ఉండేది కూతురి దగ్గరే. అక్క పోయాక ఆయన తాగుడు మానేశాడు, ఇంకో పెళ్లి చేసుకోలేదు, కూలి చేసి పిల్లని నర్సింగ్ చదివించాడు. అదీ నిజమే, చెంబూ నిజమే.

రెండు రోజులాగమని చెప్పి చెన్నైకి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉంచమను పిన్నీ" అంది. నాన్న చూస్తాడే అన్నాను. "చూడనీ" అంది. స్టూడియో ఆయనకి అదే చెప్పాను. సరేనమ్మా అని పెట్టేశాడు. ఆయన అడగకపోతే ఈ సంగతి నాతోనే పోయేది. ల్యాబ్ కుర్రాడు మచ్చని చూశాడు గానీ, ఏంటని అడగలేదు.

పలక దగ్గర మాత్రం నాకూ ఆయనకీ గొడవైంది. పలక మీద అక్క వేసిన లెక్క ఉంది. కింద అంకె 365 అని తెలుస్తుంది, అందులోనూ 6 సగమే. పైన అంకె పూర్తిగా చెరిగిపోయింది, జవాబు ఉండాల్సిన చోట మరక. నేను ఆ లెక్క పూర్తిగా రాయించాలనుకున్నాను. ఆమె చేసిన పనంతా ఆ పలక మీదే ఉంది కదా. అక్క చేతిరాత కావాలంటే నా దగ్గర ఉంది. సారా ఆగాక మా జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి, రోజుకో రూపాయి దాచుకునేవాళ్లం. మా సంఘం లెక్కలు మొదటి ఏడాది అక్కే రాసింది, ఆమె తర్వాత నేను. ఆ నోటుబుక్కు పట్టుకెళ్లి ముందు పెట్టాను.

ఆయన నోటుబుక్కులో 6 అంకెలన్నీ వరసగా చూశాడు. అక్క 6 పైతోక కొంచెం వెనక్కి వంచి రాస్తుంది. పలక మీద ఉన్న సగం కూడా అలాగే వంగి ఉంది. అది 6 అని ఖాయం చేసుకుని, దాన్ని మాత్రం పూర్తిచేశాడు. పై అంకె రాయనన్నాడు.

"ఎంతుండేదో మీకు తెలుసా?" అన్నాడు. చెప్పాను. ఆరోజు నాతో వచ్చిన మా ఊరామె, ఆ ఫోటోలో కిరసనాయిలు డబ్బా పట్టుకున్నామె, కాదు అంతకంటే ఎక్కువే అంది. ఇద్దరం అక్కడే వాదించుకున్నాం. ఆయన నవ్వి, "మీరిద్దరూ అక్కడున్నోళ్లే కదా. నేనెట్లా రాసేది?" అన్నాడు. నోటుబుక్కులో అంకెలు కోసి అతికించడం ఐదు నిమిషాల పని అని కూడా ఒప్పుకున్నాడు. అయినా చెయ్యలేదు. కస్టమర్ డబ్బిచ్చి అడిగిన పని చెయ్యనంటే ఎలా అని నాకు అప్పుడు కోపమొచ్చింది. ఇప్పటికీ అర మార్కు తగ్గించింది అందుకే. కావాలంటే రెండు కాపీలు, ఒకటి రాసింది, ఒకటి రాయనిది ఇవ్వొచ్చు కదా అనేది నా వాదన.

కుడి అంచు కూడా అంతే. పురుగు తిన్నచోట ఖాళీని గోడరంగుతో నింపాడు గానీ నాకు మిగతా మొహం గియ్యలేదు. "మీరు బతికే ఉన్నారు కదమ్మా, ఇప్పుడు ఫోటో దిగండి" అన్నాడు. దీనికి మార్కు తగ్గించలేదు.

ఇక మైనస్‌లు. వారంలో ఇస్తానన్నది రెండు వారాలు దాటింది. గృహప్రవేశం దగ్గరపడుతుంటే నాకు టెన్షన్, ఫోన్ చేస్తే ఎత్తడు. తనకి డౌటొస్తే మాత్రం పొద్దున ఏడింటికి చేస్తాడు. రసీదు ఇవ్వడు, చిన్న కాగితం మీద పెన్సిల్‌తో పేరు రాసి కవరుకి గుచ్చుతాడు. అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఆ కాగితాన్ని సెల్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఫైలు వాట్సాప్‌లో మామూలుగా పంపాడు, నాణ్యత పడిపోయింది. డాక్యుమెంట్‌గా పంపమని మా అబ్బాయి చెప్పాక మళ్లీ పంపాడు. మీరు వెళ్తే పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లడం మేలు.

ధర: బాగుచేసినందుకు పదిహేనొందలు, 12 ఇంటూ 18 ప్రింటుకి రెండొందల యాభై, ఫ్రేముకి తొమ్మిదొందలు. ల్యాబ్‌తో పోలిస్తే ఎక్కువే. కానీ ఆయన పెట్టిన గంటలకి తక్కువ. ప్రింటు మెరుపు లేని మ్యాట్‌ కాగితం మీద తీసుకోండి, హాల్లో ట్యూబులైటు మెరుపు మొహం మీద పడదు. లామినేషన్ చేయిస్తారా అని ఎక్కడైనా అడుగుతారు, ఒద్దనండి. ఒకసారి అంటించాక మళ్లీ విడిపించలేరు. ఫ్రేములో ఫోటోకీ గాజుకీ మధ్య మందపాటి అట్టతో చుట్టూ మౌంట్ పెట్టమని అడగండి. అప్పుడు గాజు ఫోటోకి తగలదు, మళ్లీ అతుక్కునే బాధ ఉండదు. ఆయన అడక్కుండానే పెట్టాడు. పాత ఫోటోని గాజుతో సహా కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి వెనక్కిచ్చాడు. గోడకి కాకుండా బీరువాలో పెట్టమన్నాడు. ముసలమ్మ ఒప్పుకోలేదు, శుక్రవారం కుంకుమ ఎక్కడ పెట్టాలని అడిగింది. ఆమె కోసం చిన్న కాపీ ఇంకొకటి తీయించాం, నూటయాభై. మళ్లీ గాజు మీదే పెడుతుంది, పెట్టుకోనీ.

గృహప్రవేశానికి చెన్నై వెళ్లాను. ఫ్రేము నా ఒళ్లోనే పెట్టుకుని రైల్లో తీసుకెళ్లాను. హాల్లో, తలుపు తియ్యగానే కనపడే గోడకి పెట్టింది పిల్ల. వచ్చినవాళ్లలో చాలామంది అడిగింది అక్క ఎవరని కాదు, ఆ కాళ్ల దగ్గర చెత్తేంటని. అడిగినవాళ్లందరికీ పిల్ల నన్ను చూపించింది. అన్నం తినే తీరిక లేకుండా చెప్తూనే ఉన్నా. చెన్నైలో పుట్టి పెరిగిన కుర్రపిల్లలకి సారా ప్యాకెట్టంటే ఏంటో తెలీదు. పాలప్యాకెట్టు సైజులోనా అని ఒకమ్మాయి అడిగింది. అక్క మొగుడు ఆ ఫోటో ముందు నిలబడటం నేను చూశాను. ఏం అనలేదు. సాయంత్రం భోజనాలయ్యాక నా దగ్గరికొచ్చి, "లెక్కలో పై అంకె రాయించాల్సింది వదినా" అన్నాడు. ఎంత రాయించాలి అన్నాను. చెప్పాడు. అది నేను చెప్పిందీ కాదు, కిరసనాయిలామె చెప్పిందీ కాదు, మూడో అంకె.

ఎవరికి సిఫార్సు చేస్తాను? మీ దగ్గర ఒకే ఫోటో ఉండి, అందులో మనిషి ఎలా ఉన్నారో అలాగే కావాలంటే ఇక్కడికి వెళ్లండి. ఆ మనిషిని ఎరిగినవాళ్లని వెంటపెట్టుకుని వెళ్లండి, లేదంటే ఆయన ప్రశ్నలకి జవాబులుండవు. పట్టుచీర, మేఘాలు కావాలంటే ల్యాబ్‌కి వెళ్లండి, అక్కడ తొందరగా అవుతుంది, ఈయన చెయ్యడు. తద్దినం తేదీ ముందు పెట్టుకుని వెళ్లకండి, కనీసం నెల గడువు పెట్టుకోండి. ఆదివారం తీస్తాడు గానీ మధ్యాహ్నం దాకానే.

ఫ్రేము వెనక కొక్కెం మాత్రం నాసిరకం, గోడకి పెట్టిన మర్నాడే ఊడొచ్చింది. కింద సోఫా ఉండబట్టి గాజు పగల్లేదు. ఫోన్ చేసి చెప్తే, ఈసారి వచ్చినప్పుడు మార్చిస్తానన్నాడు. కొక్కెం కోసం ఆ మెట్లెక్కే ఓపిక నాకు లేదు. పక్క వీధి హార్డ్‌వేర్ షాపులో ఇరవై రూపాయలకి ఇత్తడిది దొరికింది, మీరూ అదే వేయించుకోండి.